ప్లేఆఫ్ ఆశా, ఆరు గెలుపులా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ దగ్గరపడితే అభిమానులందరికీ ఇదే తర్జనభర్జన: తమ జట్టు ప్లేఆఫ్‌కి (ఛాంపియన్‌ను తేల్చే నాకౌట్ పోటీకి) వెళ్తుందని ఆశపడాలా, ఆరు గెలుపులు చాలనుకోవాలా?

ఖర్చు: ప్లేఆఫ్ మీద ఆశ ఉంటే సీజన్ టికెట్లు ముందే కొనాలి. 12 మ్యాచ్‌ల్లో ఆరు గెలిచి బౌల్ (సీజన్ చివర జరిగే అదనపు మ్యాచ్) అర్హత వస్తే చాలనుకుంటే, నచ్చిన మ్యాచ్‌కే వెళ్లొచ్చు.

రిస్క్: 2023లో బౌల్‌కు ముందు 13కి 13 గెలిచిన ఫ్లోరిడా స్టేట్, 2024లో డబ్లిన్‌లో జార్జియా టెక్ చేతిలో ఆఖరి కిక్‌కి ఓడి మొదలుపెట్టి, మొత్తం రెండే గెలిచింది. గుండె కోత! తక్కువ ఆశించినా నష్టమే: 2023లో మూడే గెలిచిన ఇండియానా, 2024లో 11 గెలిచి ప్లేఆఫ్‌కెళ్లింది.

జట్టులోని అనుభవజ్ఞులు ఎన్‌ఎఫ్‌ఎల్‌కి (ప్రొఫెషనల్ లీగ్‌కి) వెళ్లిపోతే ఆరే లెక్క. ఇండియానాలో సిగ్నెట్టిలా కొత్త కోచ్ తన పాత ఆటగాళ్లను వెంటబెట్టుకొస్తే మాత్రం ధైర్యంగా ఆశపడండి.