బిల్లు స్థాయీ సంఘానికా, జేపీసీకా, నేరుగా ఓటుకా: ఏది మేలు?

పార్లమెంటులో బిల్లు ప్రవేశపెట్టాక దానికి మూడు దారులున్నాయి. ఆ శాఖను చూసే స్థాయీ సంఘానికి, అంటే ఎప్పుడూ ఉండే ఎంపీల కమిటీకి పంపొచ్చు, ఆ ఒక్క బిల్లు కోసమే సెలెక్ట్ కమిటీయో (ఒక సభ ఎంపీలతో) జేపీసీయో (రెండు సభల ఎంపీలతో ఉండే సంయుక్త పార్లమెంటరీ కమిటీ) వేయొచ్చు, ఇవేవీ లేకుండా నేరుగా చర్చ పెట్టి ఓటింగ్‌కు తెచ్చేయొచ్చు. ఈ మధ్య మూడోదే ఎక్కువైపోయింది. 15వ లోక్‌సభలో (2009-14) 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్తే, 17వ లోక్‌సభలో (2019-24) వెళ్లినవి 16 శాతమే.

నేరుగా ఓటింగ్ మేలనేవాళ్లు చెప్పేది స్పీడ్ గురించే. జనం మెజారిటీ ఇచ్చిందే చట్టాలు చేయమని, మళ్లీ కమిటీ పేరుతో నాన్చడం దేనికి అంటారు. అందులో నిజం లేకపోలేదు. మహిళా రిజర్వేషన్ల బిల్లు 1996లో మొదటిసారి సభకొచ్చింది, కమిటీలు చూశాయి, 2010లో రాజ్యసభ ఆమోదించింది, చివరికి 2014లో లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది. అదే 2023లో కొత్త బిల్లుగా వచ్చి, ఏ కమిటీకీ వెళ్లకుండా మూడు రోజుల్లో రెండు సభలూ దాటేసింది.

కానీ అదే స్పీడ్ సాగు చట్టాల విషయంలో ఏం చేసిందో కూడా చూడాలి. 2020 సెప్టెంబర్‌లో రాజ్యసభలో ప్రతిపక్షం సెలెక్ట్ కమిటీకి పంపమంది, ఓట్లు లెక్కపెట్టే డివిజన్ అడిగింది, గందరగోళం మధ్య మూజువాణి ఓటుతో అయిపోయింది. ఆ తర్వాత ఏడాదిపాటు రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నారు. 2021 నవంబర్ 29న ఆ చట్టాల రద్దు బిల్లు కూడా చర్చ లేకుండానే, ఒక్క రోజులో రెండు సభల్లోనూ పాసైంది.

ఇక మన విభజన బిల్లు సంగతి. విభజన తప్పా ఒప్పా అనేది పక్కన పెడదాం, ఆ బిల్లు నడిచిన తీరు చూడండి. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయి ఉండగా ఆమోదం పొందింది. 20న రాజ్యసభలో ప్రధాని ఐదేళ్ల ప్రత్యేక హోదా అని నోటిమాటగా చెప్పారు తప్ప అది బిల్లులోకి ఎక్కలేదు, ఎందుకంటే రాజ్యసభలో ఒక్క సవరణ చేసినా బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి, సమావేశాలేమో ముగింపుకొచ్చేశాయి. ఆ ఒక్క వాక్యం చట్టంలో లేకపోవడం వల్లే కదా హోదా మీద ఏళ్ల తరబడి కొట్లాడాల్సి వచ్చింది!

ఇలాంటి లోటు పట్టుకోవడానికే స్థాయీ సంఘాలున్నాయి. మొత్తం 24, ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది, మంత్రులు ఉండరు. అక్కడ కెమెరాల్లేవు, ఇలాగే ఓటేయాలనే పార్టీ ఆదేశం (విప్) పనిచేయదు, కాబట్టి అధికార పక్షం ఎంపీ కూడా అధికారిని నిలదీసి ఈ క్లాజు ఎందుకు పెట్టారని అడగగలడు. బయటివాళ్ల అభిప్రాయాలు వింటారు, క్లాజు క్లాజుగా చూస్తారు. సిఫార్సులు ప్రభుత్వం పాటించి తీరాలనేం లేదు, నిజమే, కానీ ఒప్పుకోనివాళ్ల అసమ్మతి పత్రాలతో సహా నివేదిక రికార్డులో ఉండిపోతుంది.

జేపీసీ మాత్రం ఎలా నడుస్తుందో చెప్పలేం. దివాలా కోడ్ బిల్లు 2015 డిసెంబర్‌లో వచ్చి, సంయుక్త కమిటీ చూసి, 2016 మే కల్లా రెండు సభలూ దాటింది. డేటా రక్షణ బిల్లు 2019లో వెళ్తే నివేదిక రావడానికి రెండేళ్లు పట్టింది, అదీ 81 సవరణలతో, ఆపై ప్రభుత్వం బిల్లునే వెనక్కి తీసుకుంది.

నన్నడిగితే స్థాయీ సంఘమే మేలు, కాకపోతే మూడు నెలల గడువు కచ్చితంగా ఉండాలి. సభ్యుల పదవీకాలం ఏడాదే కావడం పెద్ద లోపం, విషయం ఒంటబట్టేలోపు మారిపోతారు, అది పెంచాలి. అన్నిటికంటే ముందు, పంపాలా వద్దా అనేది ఇష్టాయిష్టాలకు వదిలేయడం మానాలి: ప్రతి బిల్లూ వెళ్లాలి, అత్యవసరమై పంపకపోతే కారణమేంటో మంత్రి సభలో నిలబడి చెప్పాలి.