పనిముట్ల పెట్టెకు మేకులు, స్క్రూలు: రాణిగంజ్ సరుకులో ఏవి కొనాలి

టేకు పలకలతో సొంతంగా పనిముట్ల పెట్టె చేసుకునేవాళ్లకు కావాల్సిన మేకులు, స్క్రూలు అన్నీ సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. చిక్కల్లా ఒక్కటే. "చెక్కకు స్క్రూలివ్వండి" అంటే చాలు, నల్ల జిప్సం స్క్రూల డబ్బా తీసి ముందు పెడతారు. పెట్టెకు అవి వద్దే వద్దు. జిప్సం బోర్డు కోసం గట్టిపరచిన ఉక్కు అది. వంగదు, పుటుక్కున విరుగుతుంది. టేకులో బిగిస్తుండగానే తల ఊడిపోయి ముక్క లోపలే ఉండిపోతుంది. పైగా తల దాకా మర ఉండటంతో రెండు పలకలు దగ్గరకు రావు, మధ్యలో సందు మిగులుతుంది.

పెట్టె 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, పలక ముప్పావు అంగుళం అనుకుందాం. మూలలకు 2 అంగుళాల 12 గేజ్ మేకు సరిగ్గా సరిపోతుంది. మేకు పొడవు పలక మందానికి రెండున్నర రెట్లకు తగ్గకూడదు. గేజ్ అంకె తగ్గితే మేకు లావవుతుంది కాబట్టి 10 గేజ్ ఇస్తే తీసుకోకండి, పలక చివర చీలుతుంది. మూలకు 5 చొప్పున 20 కావాలి; 100 గ్రాములు తూయిస్తే 40కి పైగానే వస్తాయి. నాలుగైదు మేకులు కౌంటర్ అద్దం మీద దొర్లించి చూడండి, వంకరవి వెంటనే తెలిసిపోతాయి.

2 మి.మీ. బిట్‌తో ముందు బెజ్జం వేయాలి. పలక కోసిన చివర్లోకి దిగిన మేకుకు పట్టు తక్కువ. అందుకని ఒకటి ఇటు వాల్చి, పక్కది అటు వాల్చి కొట్టాలి. జిగురు తప్పనిసరి.

పెట్టె అడుగు భాగం సంగతి వేరు. సుత్తులు, రంపాలు, పానాల బరువంతా దాని మీదే. పెట్టె ఎత్తిన ప్రతిసారీ ఆ బరువు కింద నుంచి కొట్టిన మేకును తిన్నగా బయటికి లాగుతుంది, నున్నటి మేకు ఎక్కువ కాలం ఆగదు. ఇక్కడ మెడ నున్నగా ఉన్న 8 నంబర్, ఒకటిన్నర అంగుళం వుడ్ స్క్రూలే వాడాలి. అడుగున వేసే 12 మి.మీ. ప్లైవుడ్‌లో 4.5 మి.మీ. బెజ్జం, పక్క పలక టేకులో 3 మి.మీ. బెజ్జం. రెంటికీ ఒకే బిట్ వాడితే నల్ల స్క్రూతో వచ్చే సందే ఇక్కడా వస్తుంది. 4 అంగుళాలకొకటి చొప్పున చుట్టూ 18 పడతాయి, 2 డజన్లు తెచ్చుకోండి. ఇంట్లో ఉండే పెట్టెకు జింక్ పూతవి చాలు. వాన జల్లు పడే వరండాలో పెట్టేదైతే ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్) తీసుకోవడం మేలు. తడి తగిలితే ఇనుము చుట్టూ చెక్క నల్లబారుతుంది.

మూత బందులకు ఇత్తడి స్క్రూలు అందమే, కానీ మెత్తన. కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే అది పూత పూసిన ఇనుము. అసలైన ఇత్తడివైతే అదే సైజు ఉక్కు స్క్రూను ముందు ఎక్కించి, తీసేసి, ఇత్తడి దానికి కొంచెం మైనం రాసి చేత్తోనే బిగించాలి. డ్రిల్ మెషీన్‌తో బిగిస్తే తల తెగిపోతుంది.