మ్యాటర్‌హార్న్ పోయొచ్చినం, రాయి మాత్రం మన హన్మకొండ పద్మాక్షి గుట్టదే గట్టిది

మ్యాటర్‌హార్న్ అంటే స్విట్జర్లాండ్ ఆల్ప్స్‌ల ఉన్న మొనదేలిన కొండ. ముందుగాల ఒక మాట, దాని కిందున్న జెర్మాట్ ఊర్ల రూం తీసుకోకుండ్రి. ఆ ఊర్లెకు మన కార్లు రానియ్యరు, ఎట్లైనా దానికి ముందొచ్చే టాష్ ఊర్ల బండి పెట్టి 12 నిమిషాలు షటిల్ రైలెక్కాల్సిందే, అసొంటప్పుడు టాష్‌లనే ఉంటే పైసలు మిగుల్తయి. మేం మూడు రాత్రులు అక్కడ్నే ఉన్నం. రూం నీట్‌గనే ఉంది గాని కిచెన్ ఉందని రాసి ఒక్క గిన్నె పెట్టలే, మా ఆమె హన్మకొండ నుంచి మోసుకొచ్చిన చిన్న రైస్ కుక్కర్లనే అన్నం, పప్పు, ఆఖరికి చాయ్ కూడా, రోజూ పొద్దుగాల చాయ్‌ల పప్పు వాసన.

మ్యాటర్‌హార్న్ ఎదురుంగ కనవడే గోర్నర్‌గ్రాట్ గుట్టకు ఫస్ట్ రైలుకే పోవాలె. 1898ల నడుపుడు షురూ చేసిన లైను, పైన 3089 మీటర్లు, స్విస్ పాస్ (టూరిస్టుల రైలు పాసు) ఉన్నా సగం టికెట్ కట్టాలె, ఐనా పైసా వసూల్. పొద్దెక్కినంక మ్యాటర్‌హార్న్ నెత్తికి ఒక్క పక్కనే మబ్బు జెండా లెక్క పట్టుకుంది, ఇగ ఫోటోలు రాలే. 3883 మీటర్ల ఎత్తుకు పోయే ఇంకో కేబుల్ కార్ గాలికి బందైంది, మాకేం రంది కాలే.

అసలు మజా ష్వార్జ్‌సీ చెరువు కాన్నుంచి 3260 మీటర్ల ఎత్తుల, మ్యాటర్‌హార్న్ ఎక్కెటోళ్లు ఆగే హోర్న్‌లి హట్ దాకా నడుసుడు. రెండు గంటలంటరు, మాకు మూడున్నర పట్టింది. ఓరుగల్లోళ్లం కదా, రాయంటే షూ పెడితే పట్టుకోవాలె అనుకుంటం, అక్కడ చెయ్యి పెట్టి లాగితే షాబాదు బండ ముక్క లెక్క పలక ఊడొచ్చింది! కొండ పైభాగం ఆఫ్రికా దిక్కు ప్లేట్‌కు (భూమి పైపెంకు ముక్కకు) చెందిన నైస్ (gneiss) అనే రాయి, దాని కింద ఒకప్పటి సముద్రం అడుగు, ప్లేట్లు గుద్దుకుని ఆఫ్రికా రాయొచ్చి సముద్రం అడుగు మీదెక్కింది, తర్వాత హిమానీనదాలు చుట్టూ చెక్కి మొన తేల్చినయి. మన దగ్గరి గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏండ్లది, దాని ముందు ఆల్ప్స్ పొట్టి పోరడు. పగుళ్లల్ల గడ్డకట్టిన మంచే అక్కడ సిమెంటు, 2003 ఎండలకు అది కరిగి రాళ్లు పడితే ఎక్కినోళ్లను హెలికాప్టర్లల్ల దించిండ్రు.

హట్ కాడ మా బామ్మర్ది "బావా, గైడును మాట్లాడుకుందమా" అన్నడు. శిఖరం 4478 మీటర్లు, ఒక గైడుకు ఒక్కడే, చీకట్లనే బయల్దేరాలె, దిగుడుకు కూడా ఎక్కినంత టైం పడ్తది. నేనేం అనలే, తెల్లారి జెర్మాట్ మ్యూజియంకు తోల్కపోయిన. 1865 జూలై 14న మొదటిసారి ఎక్కిన ఏడుగురిల దిగేటప్పుడు నలుగురు పడిపోయిండ్రు, వాళ్లను కలిపి కట్టిన తాడు తెగింది, ఆ తెగిన తాడు అద్దాల పెట్టెల ఉంది. బావి చాంతాడంత లావు కూడా లేదు, బామ్మర్ది చానాసేపు చూసిండు, మళ్ల గైడు ముచ్చట ఎత్తలే.