పద్దెనిమిదో వంతు ఫెరారి: తరగతి గదిలో రెండున్నరేళ్లు

తిరుపతిలో పాలిటెక్నిక్ విద్యార్థులకు ఆటోమొబైల్ ఇంజనీరింగు బోధించడం నా వృత్తి. ఫెరారి డేటోనా ఎస్‌పీ3 కారుకు 1:18 నిష్పత్తిలో చేసిన లోహపు నమూనాను రెండున్నరేళ్ల కిందట పదివేలకు కాస్త తక్కువ ధరకు సొంత డబ్బుతో కొన్నాను. అప్పటి నుంచి అది వారానికి రెండు మూడు రోజులు నా సంచిలో తరగతికి వెళ్లివస్తోంది, మిగిలిన రోజులు ఇంట్లో పుస్తకాల అర మీద ఉంటోంది. అద్దాల బీరువాలో పెట్టుకుని చూసుకునేవారి అభిప్రాయాలు నేను చాలానే చదివాను గాని, ఇన్ని చేతులు మారిన నమూనా ఎలా నిలబడుతుందో చెప్పినవి నాకు కనబడలేదు. తయారీదారు పేరు ఇక్కడ చెప్పడం లేదు. నేను రాసే గుణదోషాలన్నీ నా దగ్గరున్న ఒక్క నమూనావి.

అసలు కారు ఏమిటో తెలియనిదే నమూనాను బేరీజు వేయలేము కనుక ముందు దాని సంగతి. ఫెరారి సంస్థ దీన్ని 2021 నవంబరులో ఇటలీలోని ముజెల్లో రేస్ ట్రాక్ దగ్గర ఆవిష్కరించింది. తన పాత పందెపు కార్లను తలపించేలా, పరిమిత సంఖ్యలో చేసే ఐకోనా శ్రేణిలో, 2018 నాటి మోంజా ఎస్‌పీ1, ఎస్‌పీ2ల తర్వాత వచ్చినది ఇదే. 599 కార్లు మాత్రమే చేస్తామని ప్రకటించారు. తరువాత దాతృత్వం కోసం ప్రత్యేకంగా తయారైన 600వ కారు 2025 ఆగస్టులో అమెరికాలో జరిగిన వేలంలో 2.6 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. పేరులోని డేటోనా అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఉన్న రేస్ ట్రాక్‌ది. 1966 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందెంలో ఫోర్డ్ కార్లు మొదటి మూడు స్థానాలనూ తీసుకుని ఫెరారిని కిందికి నెట్టాయి. ఎనిమిది నెలలైనా తిరగకముందే, 1967 ఫిబ్రవరిలో, ఫోర్డ్ సొంత దేశంలోనే, డేటోనా 24 గంటల పందెంలో ఫెరారి 330 పీ3/4, 330 పీ4, 412 పీ కార్లు మొదటి మూడు స్థానాలు గెలిచి, మూడూ బారుతీరి ముగింపు గీత దాటాయి. గెలిచిన కారును నడిపినవారు లొరెంజో బాండిని, క్రిస్ అమోన్. ఆ కార్ల వెనుక ఉన్న ఇంజనీరు మౌరో ఫోర్గియెరి. ఈ కథ ఒక్కటి చెబితే చాలు, చివరి బెంచీల్లో ఉన్నవాళ్లు కూడా నమూనా చూడడానికి ముందుకు వస్తారు.

పెట్టె విప్పిన రోజున నేను మొదట చేసిన పని వెర్నియర్ కాలిపర్స్ తీసుకుని కొలవడం. అసలు కారు పొడవు 4,686 మిల్లీమీటర్లు, వెడల్పు 2,050, ఎత్తు 1,142. పద్దెనిమిదితో భాగిస్తే 260, 114, 63 మిల్లీమీటర్లు రావాలి. పొడవు, వెడల్పు ఒక మిల్లీమీటరు లోపు తేడాతో సరిపోయాయి. ఎత్తు మాత్రం దాదాపు రెండు మిల్లీమీటర్లు ఎక్కువగా తేలింది. చక్రాల ఇరుసులను కొంచెం పైకి లేపి బిగించడమే కారణం. చూడగానే పట్టుకోగలిగిన తప్పు కాదు గాని, నేలను కరుచుకుని పోతున్నట్టు ఉండవలసిన కారు ఇది. పక్కనుంచి చూసిన ప్రతిసారీ ఆ రెండు మిల్లీమీటర్లు నా కంటికి అడ్డు తగులుతూనే ఉన్నాయి.

మొదటి తరగతిలో ఒక కుర్రవాడు నమూనాను అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, దీనికి ఇన్ని బొక్కలెందుకు సార్?" అని అడిగాడు. ఈ కారు గురించి అడగదగిన ప్రశ్నల్లో అంతకన్నా మంచిది లేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఈ రోజుల్లో చాలా వేగవంతమైన కార్లకు మోటారుతో లేచి దిగే రెక్కలుంటాయి. గాలిని ఒడిసిపట్టి కారును నేలకు అదిమే పని అవి చేస్తాయి. ఎస్‌పీ3కి అలాంటి కదిలే రెక్క ఒక్కటి కూడా లేదు. గాలి ఎక్కడ దూరాలి, ఏ దారిన పోవాలి, ఎక్కడ బయటపడాలి అన్నదంతా ఒంటి ఆకారంలోనే తేల్చేశారు. పైకి తెరుచుకునే డోర్ల భుజంలోనే గాలి గొట్టం ఉంది; అది పక్కల ఉన్న రేడియేటర్లకు గాలి చేరవేస్తుంది. కింది పళ్లెంలో మొదలయ్యే నిలువు దారులు పొయ్యి మీది పొగగొట్టాల్లాగా పైకి వచ్చి వెనుక మడ్‌గార్డుల మీది చీలికల్లో తెరుచుకుంటాయి. మడ్‌గార్డు వంపు మీద ఏర్పడే తక్కువ ఒత్తిడి కారు కిందనున్న గాలిని వాటిగుండా పైకి లాగుతుంది, కారు నేలకు హత్తుకుంటుంది. వెనుక భాగమంతా ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా పరచిన సన్నని పలకలే. ఎర్ర దీపాలు కూడా పై పలకలోనే ఇమిడిపోయి ఉంటాయి. కనుక ఈ కారు నమూనా బాగుందో లేదో తేల్చడానికి నాకు ఒకటే కొలత: చిల్లు ఉండవలసిన చోట నిజంగా చిల్లు ఉందా, లేక నల్లరంగు పూసి సరిపెట్టారా?

ఈ కొలతకు నా నమూనా సగమే నిలబడింది. డోరులోని గాలి దారి నిజంగానే తెరిచి ఉంది. సన్నని తీగ దూర్చితే అవతల బయటికి వస్తుంది. వెనుక పలకల మధ్య సందులు కూడా నిజమైనవే, ఒక్కొక్క పలకనూ విడిగా పోతపోసి అమర్చారు. ఈ ధరలో ఇంత శ్రద్ధ నేను ఆశించలేదు. అయితే మడ్‌గార్డుల మీది చీలికలు మాత్రం అచ్చులోనే మూసుకుపోయాయి. అక్కడ ఉన్నది గుంట, దాని అడుగున నల్లరంగు. ఈ కారులో అన్నిటికన్నా తెలివైన ఆలోచన ఎక్కడుందో సరిగ్గా అక్కడే తయారీదారు చేయి ఆగిపోయింది. నమూనా మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. మిగిలినవన్నీ దీని ముందు చిన్నవి.

మూసిన చిల్లుకూ తెరిచిన చిల్లుకూ తేడా విద్యార్థులకు కళ్లారా చూపించడానికి ఒక ఏర్పాటు చేసుకున్నాను. అట్టపెట్టెకు ఒక పక్క గాజు పలక, ఒక కొసన చిన్న బల్ల ఫ్యాను, ఫ్యాను ముందు గాలి సుడి తిరగకుండా శీతల పానీయాల స్ట్రాలను కట్టగట్టి నింపిన చట్రం, లోపల నమూనా, దాని ముక్కు దగ్గర వెలిగించిన అగరుబత్తి. గది చీకటి చేసి పక్కనుంచి టార్చి వేస్తే పొగ దారం లాగా సాగుతుంది. డోరులో దూరిన పొగ ఇంజను వెనుక, పలకల సందుల్లోంచి పలుచగా విడిపోతూ బయటికి రావడం చూసినప్పుడు తరగతిలో అలికిడి ఉండదు. అదే పొగ మడ్‌గార్డు గుంట దగ్గరకు వచ్చి, అక్కడ కాసేపు సుడి తిరిగి, ఏమీ చేయలేక పైనుంచి జారిపోతుంది. ఈ ప్రయోగానికి ఉన్న హద్దును కూడా వెంటనే చెబుతాను. పద్దెనిమిదో వంతు నమూనా చుట్టూ గాలి అసలు కారు చుట్టూ ప్రవహించినట్టే ప్రవహించాలంటే పద్దెనిమిది రెట్ల వేగం కావాలి. అంటే గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారును చూపడానికి గంటకు 1,800 కిలోమీటర్ల గాలి, శబ్దం కన్నా వేగంగా, వీయాలి. కనుక మా పొగ దారిని చూపుతుంది గాని బలాన్ని కొలవదు. ఈ మాట చెప్పకుండా ప్రయోగం చేయడం విద్యార్థులను మోసం చేసినట్టే అవుతుంది.

వెనుక మూత ఎత్తితే ఇంజను కనిపిస్తుంది. అసలుది 6,496 సీసీల వీ12, అంటే పన్నెండు సిలిండర్లు రెండు వరుసలుగా వీ ఆకారంలో ఉన్నది. గాలిని ఒత్తి నింపే టర్బో లేదు, విద్యుత్ మోటారు సాయం లేదు. 9,250 ఆర్‌పీఎం దగ్గర 840 హార్స్‌పవర్ ఇస్తుంది, 9,500 వరకు తిరుగుతుంది. నిమిషానికి 9,500 అంటే సెకనుకు 158 తిరుగుళ్లు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కో సిలిండరు రెండు తిరుగుళ్లకు ఒకసారి పేలుతుంది; పన్నెండు సిలిండర్లకు ఒక తిరుగుడుకు ఆరు పేలుళ్లు కనుక సెకనుకు సుమారు 950 పేలుళ్లు. ఈ లెక్కను నేను ఎప్పుడూ బోర్డు మీద నేనే చేయను, వాళ్ల చేతనే చేయిస్తాను. జవాబు వచ్చాక, ఇంత వేగంలో పైకీ కిందికీ కొట్టుకునే కనెక్టింగ్ రాడ్లను (పిస్టన్లను క్రాంకు షాఫ్టుకు కలిపే కడ్డీలను) ఉక్కుకు బదులు దానికన్నా 40 శాతం తేలికైన టైటానియంతో ఎందుకు చేశారో విడమరచి చెప్పనక్కరలేదు. ఇక్కడ నమూనా పనితనం మధ్యస్థం. రెండు వరుసల సిలిండర్ల ఎర్రని మూతలు, గాలి పెట్టె స్పష్టంగా ఉన్నాయి. గొట్టాలు, తీగలు మాత్రం ఉబ్బెత్తు గీతలకు రంగు వేసినవే. లోపలి సీట్ల ఆకారం సరిగ్గా ఉంది. అసలు కారులో సీట్లు చట్రానికే అతికి ఉంటాయి, పెడళ్లే ముందుకూ వెనక్కూ జరుగుతాయి. నమూనాలో ఏదీ జరగదు.

ఈ కారు పాత పందెపు కార్లను పైపైన మాత్రమే అనుకరించిందా అన్న ప్రశ్న ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు లేవదీస్తారు. దానికి నా దగ్గర ఒక లెక్క ఉంది. 1967 నాటి 330 పీ4 బరువు ఇంధనం, నూనె వంటి ద్రవాలు లేకుండా 792 కిలోలు, శక్తి 450 హార్స్‌పవర్. ఒక హార్స్‌పవర్ మోయవలసినది 1.76 కిలోలు. ఎస్‌పీ3 బరువు అలాగే ద్రవాలు లేకుండా 1,485 కిలోలు, శక్తి 840. ఒక్కోటి మోయవలసినది 1.77 కిలోలు. అర్ధశతాబ్దం గడిచి, బరువు రెట్టింపుకు దగ్గరగా పెరిగినా నిష్పత్తి అక్కడే నిలిచింది. ఇది కావాలని కుదిర్చిందో, కాకతాళీయమో చెప్పలేను గాని, పాత కారు వంపులను మెచ్చుకోవడం కన్నా ఈ రెండు అంకెలను పక్కపక్కన చూడడం నాకు ఎక్కువ సంతోషాన్నిస్తుంది.

ఇక మన్నిక. పార్సిల్ వచ్చినప్పుడే బయటి పెట్టె ఒక మూల నలిగి ఉంది, లోపల నష్టం లేదు. ఎర్రరంగు ఇన్ని చేతుల చెమట తగిలినా ఎక్కడా లేవలేదు. ఇది మెచ్చుకోవలసిన విషయం. డోర్లు మాత్రం మొదటి ఏడాది ఎత్తిన చోట నిలిచేవి, రెండో దసరా నాటికి ఎడమది తనంతట తాను దిగడం మొదలుపెట్టింది. కీలులోని చిన్న స్ప్రింగు సడలింది. దాని కింద పలుచని రేకు ముక్క పెట్టాక కొంత నయం. పాత పందెపు కార్లలో లాగా ముందు మడ్‌గార్డుల మీద, పొడుగాటి కాడల చివర నిలిచే అద్దాల్లో కుడివైపుది ఒక విద్యార్థి చొక్కా చేతికి తగులుకుని విరిగింది. ఆ పిల్లవాడే మరునాడు జిగురు తెచ్చి, ఊపిరి బిగబట్టి అతికించాడు, అతుకు కనబడదు. టైర్ల రబ్బరు మన ఎండలకు మెత్తబడి, పుస్తకాల అర వార్నిష్‌కు అంటుకుని నాలుగు మచ్చలు మిగిల్చింది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే కనుక, ఈ నమూనా కొన్నవారు టైర్ల కింద గాజు ముక్క గాని పలుచని ప్లాస్టిక్ పలక గాని పెట్టుకోవాలి. కిటికీ వైపున్న హెడ్‌లైటు కవరు కొద్దిగా పసుపు తిరిగింది, రెండో వైపుది తిరగలేదు. దుమ్ము సంగతి వేరే చెప్పాలి: వెనుక పలకల సందుల్లో చేరిన దుమ్మును గుడ్డతో తుడిస్తే ఇంకా లోపలికి పోతుంది. కెమెరా లెన్సులు ఊదే రబ్బరు బుడ్డితో ఊది, తరువాత రెండో నంబరు చిత్రలేఖనపు కుంచెతో అడ్డంగా గీయడం ఒక్కటే నాకు పనికివచ్చిన పద్ధతి. నెలకొకసారి పావుగంట పడుతుంది.

దసరాకు మా ఇంట్లో బొమ్మల కొలువు తీరుస్తాము. మొదటి సంవత్సరం నా మనవరాలు ఎవరినీ అడగకుండా ఈ కారును మూడో మెట్టు మీద, మా అమ్మ కాలం నాటి ఎర్రచందనపు రాజారాణి బొమ్మల పక్కన పెట్టింది. మా ఇంటావిడ తీసేయబోతే, "రాజుకు రథం వద్దా అవ్వా?" అంది. ఆ తొమ్మిది రోజులూ కారు అక్కడే ఉంది. పేరంటానికి వచ్చినవారిలో ఒకావిడ, వాళ్ల అబ్బాయి శ్రీసిటీలో కార్ల కర్మాగారంలో పని చేస్తాడట, వంగి చూసి వెనుక పలకలు ఎందుకలా ఉన్నాయని అడిగింది. హారతి పళ్లెం పొగ అటువైపే పోతూ ఉంటే నేను అక్కడికక్కడే వివరించాను.

అందంగా అలంకరించుకోవడానికి మాత్రమే కావాలనుకునేవారికి ఈ నమూనా ఆ ధరకు న్యాయమే చేస్తుంది. బోధనకు కొనదలచినవారు మాత్రం కొనే ముందు మడ్‌గార్డుల ఫోటోను పెద్దది చేసి చూడాలి. చీలికల్లోంచి వెలుతురు కనబడితే కొనవచ్చు, నల్లగా నిగనిగలాడితే ఇంకొకటి వెదకాలి.

నా నమూనాను మార్చే ఉద్దేశం నాకు లేదు. పోయిన నెలలో ధైర్యం చేసి, ఒక మిల్లీమీటరు డ్రిల్లుతో ఎడమ మడ్‌గార్డు గుంటల అడుగు తొలిచి, సూది ఆకురాయితో ఒక్కొక్క చీలికనూ సాపు చేశాను. ఒక వైపు పనికి మూడు సాయంత్రాలు పట్టింది, ఒకచోట రంగు చిన్న పెచ్చు లేచింది. మళ్లీ అట్టపెట్టెలో పెట్టి అగరుబత్తి వెలిగించినప్పుడు, కింది నుంచి వచ్చిన పొగ ఎడమ మడ్‌గార్డు మీద సన్నని తీగలుగా లేచింది. కుడివైపు ఎప్పటిలాగే జారిపోయింది. విద్యార్థులు రెండు వైపులనూ పోల్చి చూడడానికి ఇదే మేలని తోచి, కుడివైపును ఈ విద్యా సంవత్సరం అయ్యేదాకా అలాగే ఉంచుతున్నాను.