అమ్మతో సాయంత్రం టీకి: రిసార్టా, రేవు దగ్గర టీ కొట్టా, ఇంటి ఫ్లాస్కా?

అమ్మకి డెబ్బయ్యేళ్లు నిండిన రోజున ఆమెను వంటింట్లోకి రానివ్వకూడదనుకున్నాం. మధ్యాహ్నం వంట చెల్లెలు చూసుకుంది. సాయంత్రం టీకి మాత్రం బయటికి తీసుకెళ్లాలని నేను పట్టుబట్టాను. గోదావరి పాయ ఒడ్డున ఒక రిసార్ట్‌లో ఆదివారాలు ‘హై టీ’ (టీ, దాంతో పాటు చిరుతిళ్లు) పెడుతున్నారని విని, ముందు రోజే ఫోన్ చేశాను. నాలుగింటికి నలుగురం వస్తాం, ఏటి వైపు టేబుల్ కావాలి, అమ్మకి షుగర్ కాబట్టి ఆమె టీలో పంచదార వద్దు అని చెప్పాను. ‘అలాగే మేడమ్’ అన్నారు.

నాలుగింటికి వెళ్తే ఆ ఫోన్ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. ఏటి వైపు టేబుళ్లు మూడు ఖాళీగా ఉన్నా ‘రిజర్వ్ అయిపోయాయి’ అని, కిచెన్ తలుపు పక్కన కూర్చోబెట్టారు. మేం లేచి వచ్చేదాకా ఆ మూడింట్లోనూ ఎవరూ కూర్చోలేదు. టీ వచ్చేసరికి ఐదుకు పది నిమిషాలు. గోరువెచ్చని నీళ్లలో టీ బ్యాగు, పక్కన చల్లని పాలు. అమ్మ కప్పులో పంచదార కలిపేసి తెచ్చారు. మార్చమంటే ఆ కుర్రాడు ‘అందరూ ఇదే తాగుతున్నారండి’ అన్నాడు. అమ్మ ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఒక్క మాటా అనకుండా కప్పు పక్కకి జరిపి, ‘పోన్లేవే, గోదారి చూశాం కదా’ అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. మేనేజర్‌ని పిలవమని రెండుసార్లు అడిగాను, రాలేదు.

మనిషికి 650 చొప్పున 2,600. దానిమీద సర్వీస్ చార్జి 10 శాతం, ఆపైన జీఎస్టీ, మొత్తం 3,003 రూపాయలు. సర్వీస్ చార్జి తీసేయమంటే ‘సిస్టమ్‌లో అదే వచ్చేస్తుంది’ అన్నారు. అలా దానంతట అది బిల్లులో పడకూడదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న ఈ విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇవ్వాలో వద్దో తినేవాళ్ల ఇష్టం. హోటల్ ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పొచ్చు. అమ్మ ముందు గొడవెందుకని ఆ రోజు కట్టేసి వచ్చాను. అలా కట్టి ఉండాల్సింది కాదు.

అంతమాత్రాన ఆ రకం టీయే బాగుండదని అనను. ఇంగ్లండ్‌లో 1840ల ప్రాంతంలో, రాత్రి భోజనం బాగా ఆలస్యమయ్యే పెద్దింటి వాళ్లు నాలుగైదింటికి టీ, బ్రెడ్డు, కేకు తినడం మొదలుపెట్టారు. ‘ఆఫ్టర్‌నూన్ టీ’ అంటే అదే. ‘హై టీ’ అక్కడ పనివాళ్లు సాయంత్రం ఇంటికొచ్చి తినే గట్టి భోజనం. మన హోటళ్లు మొదటిదాన్ని పెట్టి రెండోదాని పేరు చెబుతున్నాయి. పేరెలా ఉన్నా, ఆ పద్ధతిలో ఆకుమీద సలసల కాగే నీళ్లు పడాలి. కిచెన్ నుంచి టేబుల్ దాకా వచ్చేసరికి నీళ్లు చల్లారితే ఎంత మంచి ఆకైనా దిగదు. అంటే టీ రుచి కూడా మనిషి ఎంత చురుగ్గా తెచ్చాడన్నదాని మీదే ఉంటుంది.

మన టీ అలా కాదు. పాలు, నీళ్లు, పొడి, దంచిన అల్లం అన్నీ కలిపి పొయ్యి మీదే మరుగుతాయి. రెండు వారాల తర్వాత అమ్మనీ పిన్నినీ కోనసీమలో ముక్తేశ్వరం రేవుకి తీసుకెళ్లినప్పుడు ఆ తేడా బాగా తెలిసింది. అవతల కోటిపల్లి, మధ్యలో గోదావరి పాయ గౌతమి, పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద బైకులు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. పొద్దు మన వీపు వైపు ఉంటుంది కాబట్టి సాయంత్రం ఏరు చూడటానికి కళ్లకి ఇబ్బంది ఉండదు. టీ కొట్టాయన అమ్మని చూడగానే స్టూలు తుడిచి వేసి, ‘పంచదార వెయ్యమంటారా అమ్మగారూ?’ అని తనే అడిగాడు. వద్దంటే ‘ఆయ్, మీకు వేరే గిన్నెలో పెడతానండి’ అన్నాడు. నాలుగు టీలు, రెండు ప్లేట్ల మిరపకాయ బజ్జీ, ఒక ప్లేటు పునుగులు కలిపి 180 రూపాయలు. అమ్మ రెండో టీ అడిగి మరీ తాగింది.

కానీ కష్టాలూ ఉన్నాయి. మేం చూసినంతలో ఆడవాళ్లకి శుభ్రమైన బాత్రూమ్ కనిపించలేదు, పెద్దవాళ్లతో వెళ్తే ఇది చాలా పెద్ద సంగతి. ఆనుకోవడానికి ఏమీ లేని స్టూలు మీద పిన్ని మోకాళ్లు అరగంటకే పట్టేశాయి. వరదల్లో పంటు ఆపేస్తారు, ఒడ్డంతా బురద.

ఇక ఫ్లాస్కు. నీడ ఉన్న ఏటిగట్టు చూసుకుని, మడత కుర్చీలు వేసుకుంటే ఎవరి దయా అక్కర్లేదు. పాలు పోసిన టీ ఫ్లాస్కులో గంట దాటితే వాసన మారుతుంది. డికాషన్ ఒకదాంట్లో, మరిగిన పాలు ఇంకోదాంట్లో పట్టుకెళ్లాలి. ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్తే తినబోయే ముందే పొట్లం విప్పండి, తేమకి మెత్తబడిపోతాయి. దీనిలో లోపం ఒక్కటే. పుట్టినరోజున కూడా ఆ డికాషన్ పెట్టేదీ, ఇంటికొచ్చాక ఫ్లాస్కులు కడిగేదీ అమ్మే అయ్యే ప్రమాదం ఉంది.

నన్నడిగితే, నడవగలిగే పెద్దవాళ్లతో గంటసేపటికైతే రేవే మేలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఫ్లాస్కు, కుర్చీలు. మధ్యలో బాత్రూమ్ అవసరమయ్యేవాళ్లుంటే రిసార్టే దిక్కు. అప్పుడు మాత్రం ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. టేబుల్ ఎక్కడో, పంచదార సంగతి, సర్వీస్ చార్జి ఉందో లేదో వాట్సాప్‌లో రాయించుకోండి. వెళ్లాక పది నిమిషాలు చూసి, పలకరించే దిక్కు లేకపోతే ఆర్డర్ ఇవ్వకుండానే లేచి వచ్చేయండి.

పిన్ని పుట్టినరోజు కార్తీకంలో. ఆనుకునే కుర్చీ ఒకటి కారులో వేసుకుని, బయల్దేరే ముందే ఇంట్లో బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, మళ్లీ ఆ రేవుకే వెళ్దామంటోంది అమ్మ.