విన్నిపెగ్ చలిలో రెండేళ్లు నన్ను నిలబెట్టిన బూట్లు

ముందే చెప్పేస్తాను: ఈ బూట్లకు నేను 5కి 4 మార్కులు ఇస్తాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో తెలియాలంటే అక్కడ మా రోజు ఎలా గడిచేదో కొంత తెలియాలి. మంచులో నడిచేవాడికి పనికొచ్చే బూటు వేరు, మంచులో నిలబడేవాడికి పనికొచ్చే బూటు వేరు. మిషనరీ పనిలో సగం నిలబడటమే.

మాది రాజమహేంద్రవరం. యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము తరఫున రెండేళ్లు సేవ చేయడానికి నాకు 20 ఏళ్ల వయసులో కెనడాలోని విన్నిపెగ్‌కు పిలుపు వచ్చింది. మన దేశంలో మా సంఘం చిన్నది. తొలి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) హైదరాబాదులో ఏర్పడిందే 2012లో. అందుకని చలిదేశంలో సేవ చేసి వచ్చిన అన్నయ్య ఎవరైనా ఉంటే అడుగుదామనుకున్నా నాకు దొరకలేదు. అమ్మ రెండు స్వెట్టర్లు, ఒక మఫ్లరు, అర డజను నూలు మేజోళ్లు సర్దింది. ఆ మేజోళ్ల సంగతి తర్వాత చెబుతాను. ఇప్పుడు పిలుపు కోసం ఎదురుచూస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, వాళ్లకు పెట్టె సర్దే అమ్మలు చదువుతారనే ఇది రాస్తున్నాను.

2022 అక్టోబరులో దిగాను. మేముండే ఇంట్లో ఒక అలమర నిండా ముందు సేవ చేసి వెళ్లినవాళ్లు వదిలిన కోట్లు, టోపీలు, బూట్లు ఉండేవి. అది మంచి ఆనవాయితీ. కోటు అందులోంచే తీసుకున్నాను, రెండేళ్లూ అదే వాడాను. బూట్లు కూడా అక్కడే దొరికాయి కదా అని డబ్బు మిగుల్చుకోబోయాను. అవి నా కొలతకు సరిగ్గా ఉన్నాయి. సరిగ్గా ఉండటమే ముప్పని అప్పుడు తెలియదు. లోపల రెండు జతల నూలు మేజోళ్లు తొడిగాను. వేళ్లు కదిలే చోటు లేదు. నవంబరులో ఒక సాయంత్రం బస్సు కోసం ఇరవై నిమిషాలు నిలబడి, ఇంటికి వచ్చి బూటు విప్పితే ఎడమ కాలి చివరి రెండు వేళ్లు మైనంలా తెల్లగా ఉన్నాయి, గిల్లితే తెలియడం లేదు. నాకు శిక్షణ ఇస్తున్న ఎల్డర్ (మాలో మగ మిషనరీని అలా పిలుస్తాం) అమెరికాలోని మంచు ప్రాంతం నుంచి వచ్చినవాడు. రుద్దబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపి, తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి పాదాలు పెట్టించాడు. రుద్దితే చర్మం లోపల దెబ్బతింటుందట, హీటరు దగ్గర పెడితే స్పర్శ లేని చర్మం కాలినా తెలియదట. రక్తం తిరిగి వస్తున్నప్పుడు కలిగిన మంట ఇప్పటికీ గుర్తుంది. మర్నాడే అతను నన్ను దుకాణానికి తీసుకెళ్లాడు.

కొన్నవి ఇవి: కింద అచ్చుపోసిన రబ్బరు, పైన నీరు దిగని తోలు, లోపల ఊడదీయగలిగే దళసరి ఉన్ని తొడుగు. ధర సుమారు 180 కెనడా డాలర్లు, అప్పటి మారకంలో పదకొండు వేల రూపాయలు. నా మామూలు కొలతకన్నా ఒకటి పెద్దది తీసుకున్నాను. బూటు తనంతట తాను వేడి పుట్టించదు, మన కాలి వేడిని పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. ఆ వేడిని పట్టుకునేది వేళ్ల చుట్టూ కదలకుండా నిలిచే గాలి. బిగుతైతే గాలికీ చోటుండదు, రక్తం కూడా సరిగ్గా పారదు. నూలు చెమటను పీల్చి తడిగా ఉండిపోతుంది కాబట్టి అమ్మ పంపిన మేజోళ్లను ఇంట్లో వాడుకుని, బయటికి ఒక్క జత ఉన్నివి తొడిగేవాణ్ని.

పెట్టె మీద మైనస్ 40 డిగ్రీల వరకు అని రాసి ఉంది. ఆ అంకెను నమ్మి కొనకండి. అందరూ ఒకే పద్ధతిలో పరీక్షించి వేసే అంకె కాదది. పైగా వేసుకున్నవాడు కదులుతూ ఉంటాడన్న లెక్కతో వేసేది. నడిచినంతసేపు మైనస్ 30లో కూడా నా పాదాలు వెచ్చగానే ఉండేవి. కాలి కింద మంచు కిర్రుకిర్రుమంటుంది, ముక్కులో తడి గడ్డకట్టి గుచ్చుకుంటుంది, కనురెప్పల వెంట్రుకలు అతుక్కుంటాయి, పాదాలు మాత్రం హాయిగా ఉంటాయి. ఒక ఇంటి మెట్ల మీద ఆగి తలుపు కొట్టి, వాళ్లు వచ్చేదాకా ఆగి, వచ్చాక మాట్లాడుతూ నిలబడితే పది పదిహేను నిమిషాల్లో చలి పాదం కిందినుంచి ఎక్కడం మొదలవుతుంది. విన్నిపెగ్‌లో జనవరి రాత్రులు సగటున మైనస్ 20 దరిదాపుల్లో ఉంటాయి. గాలి తోడైతే ఒంటికి తెలిసే చలి మైనస్ 40 దాటిన రోజులున్నాయి. అలాంటప్పుడు కప్పుకోని చర్మం పది నిమిషాల్లోపే గడ్డకట్టే ప్రమాదం ఉందని వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. ఆ రోజుల్లో మేము తలుపులు కొట్టడం మానేసి, ముందే రమ్మన్న ఇళ్లకు, వలస వచ్చినవాళ్లకు ఇంగ్లీషు చెప్పే తరగతికి మాత్రమే వెళ్లేవాళ్లం.

ఈ లోపానికి మందు ఒక పెద్దావిడ దగ్గర దొరికింది. నగరం ఉత్తర భాగంలో యుక్రెయిన్ నుంచి తరాల కిందట వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆవిడ కూడా ఆ సంతతే, ఎనభై దాటిన మనిషి. మేము ఆవిడ ఇంటి ముందు పేరుకున్న మంచును పారతో ఎత్తిపోశాం, ఏదో చెప్పడానికి కాదు, ఊరికే. పని అయ్యాక కిటికీలోంచి చూస్తున్న ఆవిడ తలుపు తీసి, నేను ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారడం గమనించి, "బూటు విప్పు, చూడనీ" అంది. తొడుగు బయటికి లాగి, దాని అడుగును బొటనవేలితో నొక్కి చూసింది. "పైనంతా బాగానే ఉంది, కింద ఏమీ లేదు. చలి నేలలోంచి వస్తుంది నాయనా, ఆకాశంలోంచి కాదు" అంది. లోపలికి వెళ్లి, వేలి మందాన ఒత్తిన బూడిదరంగు ఉన్ని ముక్కను తెచ్చి, నా పాదాన్ని కాగితం మీద పెట్టించి పెన్సిలుతో గీత గీసి, పెద్ద కత్తెరతో రెండు అట్టలు కత్తిరించి ఇచ్చింది. ఆవిడ చేతులు వణుకుతున్నా కత్తెర గీత దాటలేదు. వాటిని తొడుగు కింద వేశాక నిలబడగలిగే సమయం రెట్టింపయింది. మా సందేశం ఆవిడ ఎప్పుడూ వినలేదు, మేము అడగనూ లేదు. మంచు పడిన ప్రతి వారం వెళ్లి దారి శుభ్రం చేసి వచ్చేవాళ్లం. మరొకరు ఈ బూట్లు కొంటే మొదటి రోజే ఇలాంటి ఉన్ని అట్ట వేయించుకోండి. నేనున్నప్పుడు పది డాలర్లలోపే దొరికేవి.

ఇక తగ్గించిన ఆ ఒక్క మార్కు లేసుల వల్ల. అక్కడ ఇళ్లలోకి బూట్లతో వెళ్లరు, మన దగ్గరలాగే గుమ్మంలో విప్పాలి. ఆ అలవాటు నాకు మన ఇంటిని గుర్తు చేసేది, ఇష్టంగా ఉండేది. కానీ రోజుకు అయిదారు ఇళ్లలోకి వెళ్తే అయిదారుసార్లు విప్పి కట్టాలి. వీటి లేసులు మడమ పైదాకా పది రంధ్రాల్లోంచి వెళ్తాయి, మంచు తడిసి గడ్డకడితే కొక్కేల దగ్గర రాయిలా బిగుసుకుపోతాయి. చేతి తొడుగులు తీయకుండా విప్పడం కుదరదు. ఇంటివాళ్లు తలుపు తీసి పట్టుకుని నిలబడి ఉంటారు, వాళ్ల ఇంటి వేడంతా బయటికి పోతుంటుంది, నేను వంగి ముడితో పెనుగులాడుతుంటాను. ఆ ఇబ్బంది నాకు చాలా బాధ కలిగించేది. తర్వాత మామూలు లేసులు తీసేసి, లాగితే బిగిసి, నొక్కితే వదులయ్యే సాగే తాళ్లు వేసుకున్నాను. కంపెనీవాళ్లు ముందే అలా చేసి ఇవ్వవలసింది.

తొడుగు ఊడిరావడం ఈ బూట్లలోని గొప్ప గుణం. అది లేకపోతే నేను 2 మార్కులే ఇచ్చేవాణ్ని. పొద్దున 6:30కు లేవడం, వ్యాయామం, ప్రార్థన, చదువు, ఆ తర్వాత బయటికి. రాత్రి 9 గంటల ప్రాంతంలో తిరిగి వచ్చి, మర్నాటి పనులు రాసుకుని, 10:30కు పడుకోవాలి. ఇంత సేపు కాలికి ఉన్న బూటు లోపల, బయటి మంచుతో నిమిత్తం లేకుండా, చెమటతోనే తడుస్తుంది. తీయడానికి వీల్లేని బూటైతే ఒక్క రాత్రిలో ఆరదు. మర్నాడు ఆ తడే గడ్డకడుతుంది. వీటి తొడుగులు రాత్రి తీసి నేలలో వేడిగాలి వచ్చే జాలీ పక్కన నిలబెడితే పొద్దుటికి పెళపెళలాడేలా ఆరేవి. బూట్లలో మాత్రం పాత వార్తాపత్రికలు ఉండలు చేసి కుక్కేవాణ్ని. మొదటి నెలలో తొందర కొద్దీ ఒక తొడుగును గోడకున్న కరెంటు హీటరు మీదే పెట్టి నిద్రపోయాను. కమురు వాసనకు లేచి చూస్తే ఒక అంచు గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయింది. ఇల్లు అంటుకోకపోవడం దేవుడి దయ. దయచేసి హీటరు మీద ఏదీ ఆరబెట్టకండి.

పట్టు విషయం మధ్యస్థం. మెత్తని మంచులో బాగా నిలుస్తాయి, గాజులా గట్టిపడిన మంచు మీద జారతాయి. టొరంటోలో ఒక పరిశోధనశాలలో వంచగలిగిన మంచు నేల మీద మనుషులను నడిపించి బూట్ల అడుగులను పరీక్షిస్తారు, పట్టును బట్టి ఒకటి నుంచి మూడు మంచు పువ్వుల గుర్తులు ఇస్తారు. నేను కొన్నప్పుడు ఆ సంగతి తెలియదు, మీరు కొనేముందు ఆ గుర్తు చూసుకోండి. మార్చిలో పగలు కరిగి రాత్రి గట్టిపడే రోజుల్లో అడుగుకు ముళ్ల పట్టీలు తగిలించుకునేవాళ్లం. పాదాలు కొద్దిగా బయటికి తిప్పి, చిన్న అడుగులు వేస్తూ, బరువంతా ముందు కాలి మీద ఉంచి నడవాలి.

రోడ్ల మీద చల్లే ఉప్పు తోలు మీద తెల్లటి చారలు కడుతుంది. వదిలేస్తే తోలు పగులుతుంది. నీళ్లలో కొద్దిగా వెనిగర్ కలిపి తడిగుడ్డతో తుడిస్తే పోతాయి. వారానికి ఒకసారి, సోమవారం, ఈ పని చేసేవాణ్ని.

సోమవారం మాకు బట్టలు ఉతుక్కునే, సరుకులు తెచ్చుకునే, ఇంటికి ఫోను చేసే రోజు. చలికాలంలో అక్కడ ఉదయం 9 అయితే ఇక్కడ రాత్రి 8:30. 2023 ఫిబ్రవరిలో ఒక సోమవారం, రెడ్ నది, అసినిబోయిన్ నది కలిసేచోట గడ్డకట్టిన నీటి మీద వేసిన నడకదారిలోకి దిగి అమ్మకు వీడియోలో చూపించాను. అక్కడ జనం నది మీద స్కేటింగ్ చేస్తూ, పిల్లల్ని బళ్లలో తోసుకుంటూ వెళ్తుంటారు. గోదావరి గట్టున పుట్టి పెరిగిన అమ్మకు నది మీద మనిషి నిలబడటం అసలు నచ్చలేదు. "ఒడ్డుకు వెళ్లు నాన్నా, ముందు ఒడ్డుకు వెళ్లు" అంటుండగానే చలికి ఫోను బ్యాటరీ పడిపోయి తెర నల్లబడింది. అవతల అమ్మకు నేను కనబడకుండా పోయాను. మంచు విరిగిందనుకుంటుందని నాకు అర్థమైంది. నా కంపానియన్, అంటే నాతో జతగా సేవ చేసే మిషనరీ, ఫోను ఇంట్లో ఉండిపోయింది. ఆ బూట్లతో ఒడ్డు మీది మార్కెట్ భవనం దాకా పరుగెత్తాను. ఫోను చంకలో పెట్టుకుని వేడి చేసి, మళ్లీ వెలిగేసరికి పాతిక నిమిషాలు పట్టింది. అమ్మ ఏడుస్తూ ఉంది, నాన్న మాట్లాడారు. ఫోను ఎప్పుడూ చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోండి. నది మీద ఉండగా మాత్రం ఇంటికి ఫోను చేయకండి.

రెండో శీతాకాలం తేలిగ్గా గడిచింది. కెనడా మొత్తం మీద 2023-24 శీతాకాలం రికార్డుల్లోకెల్లా వెచ్చనిది. అప్పటికి నన్ను నగరం దక్షిణాన, విశ్వవిద్యాలయం వైపు వేశారు. జనవరిలో ఒక కొక్కెం ఊడింది. కంపెనీకి రాస్తే అయిదు వారాల తర్వాత జవాబు వచ్చింది, అది హామీ కిందికి రాదని. చెప్పులు కుట్టే దుకాణంలో పన్నెండు డాలర్లకు బాగుచేయించాను. ఆ తర్వాత ఇంకేమీ పాడవలేదు.

ఆ చలికాలం మొదట్లోనే బస్టాపులో ఒక కుర్రాడు నా చొక్కా మీది పేరు చదివి, "అన్నా, మీరు తెలుగువాళ్లా?" అన్నాడు. ఖమ్మం నుంచి చదువుకోవడానికి వచ్చాడు. కాళ్లకు గుడ్డ బూట్లు. ఆ రోజు అతన్ని మా అలమర దగ్గరికి తీసుకెళ్లాం, కోటు దొరికింది కానీ అతని కొలతకు బూట్లు దొరకలేదు. అతనిదీ నాదీ ఒకే కొలత. 2024 సెప్టెంబరులో తిరిగి వచ్చేముందు ఉప్పు తుడిచి, నలభై డాలర్లు పెట్టి కొత్త తొడుగులు వేసి, పెద్దావిడ కత్తిరించి ఇచ్చిన అట్టలు అలాగే ఉంచి, నా బూట్లు అతనికి ఇచ్చేశాను.

అతను ఈ ఏప్రిల్‌లో ఫొటో పంపాడు. మూడో శీతాకాలం కూడా గడిచింది. ఎడమ బూటు మడమ దగ్గర రబ్బరు అంగుళం మేర చీలింది, అతికించుకున్నాడట. అట్టలు కాస్త పలచబడ్డాయి కానీ పని చేస్తున్నాయట. వచ్చే చలికాలానికి ఆ మందం ఉన్ని ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఆ పెద్దావిడ ఉండే వీధి పేరు రాసి పంపాను, పార కూడా తీసుకువెళ్లమన్నాను.