చిత్తూరు నుంచి ఉమ్రా ఫ్యామిలీ ప్యాకేజీ: పది పన్నెండు మంది కలిసి పోయేవాళ్లకు పనికొస్తుందా?

చిత్తూరు, తిరుపతిలో ఏ ట్రావెల్స్‌కు పోయి ఉమ్రా (హజ్ కాకుండా విడిగా చేసే మక్కా యాత్ర) అని అడిగినా ముందు చేతికిచ్చేది పదిహేను రోజుల ఎకానమీ ప్యాకేజీ కాగితం. రానుపోను టికెట్, వీసా, మక్కా మదీనాల్లో హోటల్, మూడు పూటలా మన తిండి, జియారత్ (పుణ్యస్థలాలు చూపించే) బస్సులు అన్నీ కలిపి మనిషికి లక్షకు అటూ ఇటూ చెబుతారు. రంజాన్ నెలలో ఇంకా పైకి పోతుంది. భార్యాభర్తలిద్దరే పోతే పెట్టిన డబ్బుకు తగిన సరుకే. దాదీ (నాన్నమ్మ), నానా (తాత), ఇద్దరు చిన్నాన్నలు, కోడళ్లు, చంకలో బిడ్డ, ఇలా ఇంటిల్లిపాదీ మొదటిసారి కదిలినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. ఈ ప్యాకేజీల్లో కాగితాల పని, తిండి బాగుంటాయి. హోటల్ దూరం, గదుల పంపకం, నెమ్మదిగా నడిచే మనిషి సంగతి దగ్గర బోల్తా పడతాయి. ఆ మూడూ అడ్వాన్సు కట్టకముందే రాయించుకుంటే తీసుకోవచ్చు.

మన ఊళ్లో కూర్చున్న ఆయన చాలాసార్లు సబ్ ఏజెంటే. పాస్‌పోర్టులు ఇక్కడ తీసుకుని చెన్నైకో బెంగళూరుకో హైదరాబాదుకో పంపుతాడు. అక్కడి పెద్ద ఏజెంటు సౌదీలోని ఉమ్రా కంపెనీ ద్వారా వీసా, హోటల్ చూస్తాడు. మక్కాలో గది బాగాలేదని ఫోన్ చేస్తే "నేను పైవాళ్లతో మాట్లాడతానన్నా" అనే జవాబు వచ్చేది అందుకే. కాబట్టి రసీదు ఎవరి పేరు మీద ఇస్తారు, అక్కడ మనతో ఉండే గ్రూప్ లీడర్ ఎవరు, ఆయన మన విమానంలోనే వస్తాడా, ఈ మూడు ప్రశ్నలు మొదటి రోజే అడగాలి. లీడర్ జెడ్డాలో కలుస్తాడంటే ఇక్కడి ఎయిర్‌పోర్టులో ఇహ్రామ్ (ఉమ్రాకు కట్టుకునే బట్టలు, పాటించే నియమాలు) గురించి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరన్న మాట. మొదటిసారి పోయేవాళ్లకు అది పెద్ద లోటు.

కాగితాల్లో ఎక్కువగా తేడా వచ్చేది పేర్ల దగ్గర. షేక్ అన్న మాటకు ఇంగ్లిషులో మూడు నాలుగు స్పెల్లింగులున్నాయి. తండ్రి పాస్‌పోర్టులో ఒకటి, కొడుకు దాంట్లో ఒకటి ఉన్నా ఇబ్బంది లేదు. టికెట్ మీద మాత్రం ఎవరి పాస్‌పోర్టులో ఉన్నట్టు వాళ్లకు ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పెద్దవాళ్ల పాస్‌పోర్టులు ముందుగా ఏజెంటుకు చూపించండి. గడువు ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. కొత్తవి తీయించాలన్నా, పాతవి రెన్యువల్ చేయించాలన్నా తిరుపతిలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. ఇంట్లో అందరివీ ఒకేసారి తీయించుకోవడం మేలు. మెనింజైటిస్ టీకా నాలుగు రకాలకూ పనిచేసేది, అంటే ఏసీడబ్ల్యూవై, సౌదీలో అడుగుపెట్టడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. దీన్ని వారం ముందు గుర్తుచేసే ఏజెంట్లున్నారు. టూర్ ప్యాకేజీ మీద జీఎస్టీతో పాటు టీసీఎస్ (ఏజెంటు ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా పడుతుంది. చెప్పిన రేటులో అవి కలిశాయో లేదో అడగండి. టీసీఎస్ పాన్ నంబరు మీద జమవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది. అందుకని పన్నెండు మంది డబ్బూ ఒకరి పాన్ మీద కట్టాలా, విడివిడిగా కట్టాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

రేణిగుంట నుంచి జెడ్డాకు విమానం లేదు. చిత్తూరు వాళ్లకు చెన్నై, బెంగళూరు రెండూ అందుబాటే, తిరుపతి వాళ్లకు చెన్నై దగ్గర. నేరుగా పోయే విమానం సుమారు ఆరు గంటలు. నాలుగైదు వేలు తగ్గుతుందని గల్ఫ్‌లో ఎక్కడో దిగి మారే టికెట్ ఇస్తారు. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్న కుటుంబం దాన్ని ఒప్పుకోకూడదు. నేరుగా జెడ్డాకు పోతే ఇంటి దగ్గరో ఎయిర్‌పోర్టులోనో స్నానం చేసి, ఇహ్రామ్ కట్టుకుని, మీఖాత్ (ఇహ్రామ్ లేకుండా దాటకూడని హద్దు) వచ్చేలోపు నియ్యత్ (సంకల్పం) చేసుకుంటే సరిపోతుంది. విమానం మీఖాత్ హద్దు దాటేది జెడ్డాలో దిగడానికి సుమారు అరగంట, ముప్పావుగంట ముందు. కొన్ని విమానాల్లో చెబుతారు, కొన్నింట్లో చెప్పరు. నిద్రపోయి, నియ్యత్ లేకుండా హద్దు దాటేస్తే, వెనక్కి మీఖాత్‌కు పోయి రాకపోతే దమ్ (పరిహారంగా జంతుబలి) ఇవ్వాల్సి వస్తుంది. అన్నం తిన్న వెంటనే నియ్యత్ చేసుకుని తల్బియా (లబ్బైక్ అని పలికే ప్రార్థన) మొదలుపెట్టడమే క్షేమం. ఇహ్రామ్ బట్టలు చెక్ ఇన్ సూట్‌కేసులో పెట్టి పంపేయడం ప్రతి గ్రూపులో ఎవరో ఒకరు చేసే పని. అవి చేతి సంచిలోనే ఉండాలి, వాసన లేని సబ్బుతో సహా.

దీనికంతా సులువైన మందు మదీనా ముందు ఉన్న ప్యాకేజీ. నేరుగా మదీనాలో దిగితే మామూలు బట్టల్లోనే ప్రయాణం. నాలుగైదు రోజులు నేల చదునుగా ఉండే ఊళ్లో కాళ్లు అలవాటు పడతాయి. తర్వాత హోటల్లో స్నానం చేసి ఇహ్రామ్ కట్టుకుని బస్సెక్కితే ఊరి బయట జుల్ హులైఫా మీఖాత్‌లో ఆపుతారు, అక్కడ నియ్యత్. ఆడవాళ్ల నెలసరి తేదీలు కూడా ఈ వరుస తేల్చేటప్పుడే చూసుకోవాలి. నెలసరిలో ఇహ్రామ్ కట్టుకోవచ్చు, తవాఫ్ (కాబా చుట్టూ ఏడు చుట్లు తిరగడం) చేయకూడదు, పాకీ (శుద్ధి) అయ్యేదాకా ఇహ్రామ్‌లోనే ఆగాలి. మక్కాలో ముందు ఆరేడు రోజులే ఉండి తర్వాత మదీనా అయితే ఆ ఆగడం ఇరుకున పెడుతుంది. ఏజెంటు ఈ విషయం తనంతట తాను ఎత్తడు. ఇంటి ఆడవాళ్లు మాట్లాడుకుని చెప్పాలి.

ఇక హోటల్. కాగితంలో "హరమ్ నుంచి 500 మీటర్లు" అని ఉంటుంది, హరమ్ అంటే కాబా ఉన్న పెద్ద మసీదు. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారన్నది ఉండదు. మామూలుగా మసీదు బయటి ఆవరణ అంచు దాకా కొలుస్తారు. అక్కడి నుంచి లోపలికి పోయి కాబా కనపడే మతాఫ్‌లో (తవాఫ్ చేసే ఆవరణలో) దిగాలంటే ఇంకో నడక. మన వైపు గ్రూపులను మిస్ఫలా, ఇబ్రాహీం ఖలీల్ రోడ్డు వైపు దింపుతారు. ఆ రోడ్డు మీదే ఉంటే నయం, సందుల్లోకి పోతే ఎత్తుపల్లాలు. అజ్యాద్ వైపు దగ్గరే గానీ కొండ ఎక్కినట్టు ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు తగదు. అజీజియాలో గది ఇచ్చి షటిల్ బస్సు ఉందంటే వద్దనండి. నమాజు వేళల్లో హరమ్ చుట్టూ దారులు మూసేస్తారు, జుమ్మా రోజు బస్సు ఎక్కడో ఆగిపోతుంది. 800 మీటర్ల దూరంలో హోటల్ ఉండి ఐదు పూటలా జమాత్‌కు (సామూహిక నమాజుకు) పోతే రోజుకు ఎనిమిది కిలోమీటర్లు నడక, తవాఫ్ కాకుండా. పాతికేళ్లవాళ్లకు అది లెక్క కాదు. దాదీ రెండో రోజుకే గదిలో కూర్చుండిపోతుంది.

అందుకే హోటల్ పేరు రాయించుకోవాలి. "లేదా అదే స్థాయి హోటల్" అన్న మాట ప్రతి కాగితంలో ఉంటుంది, దాని పక్కన "నడిచే దారిలో ఇన్ని మీటర్లు మించకుండా" అని చేర్పించండి. ఫోన్ మ్యాపులో నడక దారి వేసి చూస్తే అసలు దూరం తెలుస్తుంది. మదీనాలో మస్జిదె నబవీకి (ప్రవక్త మసీదుకు) ఉత్తరం వైపు హోటల్ అడగండి. ఆడవాళ్ల నమాజు చోట్లు అటువైపే.

గదుల సంగతి మరీ చిక్కు. ఎకానమీలో మనిషి లెక్కన మంచం అమ్ముతారు, నలుగురికో గది, కొన్నిచోట్ల ఐదో మంచం కూడా ఇరికిస్తారు. మగవాళ్లనంతా ఒకచోట, ఆడవాళ్లనంతా ఒకచోట వేస్తారు. అప్పుడు పసిబిడ్డ తల్లి ఒక అంతస్తులో, తండ్రి ఇంకో అంతస్తులో. నానాకు రాత్రి మాత్రలు ఇవ్వాల్సిన నానీ వేరే గదిలో. పన్నెండు మంది ఉంటే మూడు గదులు మీవే కావాలి, బయటివాళ్లను కలపకూడదని రాయించుకోవచ్చు. మంచాల లెక్క సరిపోతుంది కాబట్టి ఏజెంటుకు నష్టం లేదు. పదకొండు మంది అయితే ఆ ఖాళీ మంచం డబ్బు కట్టడమే మంచిది. కింది అంతస్తులు అడగండి, నమాజు విడిచాక లిఫ్టు దగ్గర క్యూ తెమలదు.

తిండికి మంచి మార్కులే వేయాలి. అన్నం, పప్పు, రసం, కోడి కూర, పొద్దున ఉప్మా, ఇడ్లీ, టీ. నోటికి కొత్తదనం లేకుండా ఉంటుంది. రాత్రి భోజనం ఇషా (రాత్రి నమాజు) తర్వాతే కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు చేతిలో ఖర్జూరమో బిస్కెట్టో పెట్టుకోవాలి. ఇంటి నుంచి మసాలా పొడులు కట్టేవాళ్లకు ఒక మాట: గసగసాలు సౌదీలో నిషేధం. కుర్మా పొడిలో కలిపినవీ వద్దు. గుట్కా, పాన్ మసాలా అసలు వద్దు. నిద్రమాత్రలు, గట్టి నొప్పిమాత్రలు వాడేవాళ్లు డాక్టర్ చీటీ లేకుండా తీసుకుపోకూడదు.

శిక్షణ తరగతి ఒకటి పెడతారు. ఆలిమ్ సాబ్ (మత పండితుడు) బాగానే చెబుతారు గానీ పుస్తకం ఉర్దూలో ఉంటుంది. ఇంట్లో దక్కనీ మాట్లాడినా ఉర్దూ లిపి చదవలేని పిల్లలు మన జిల్లాలో కోకొల్లలు. దువాలు (ప్రార్థనలు) తెలుగు లిపిలో ఉన్న పుస్తకం అడిగి తీసుకోండి. తవాఫ్‌లో చుట్టుకో దువా కంఠస్థం చేయాలన్న బెంగ వద్దు, అలాంటి షరతు లేదు. తెలిసిన దువా తెలిసిన భాషలో చేసుకోవచ్చు.

ఆ తరగతిలో చెప్పనిది, పెద్ద కుటుంబం ఉమ్రా ఎలా చేయాలన్నది. పన్నెండు మంది చేతులు పట్టుకుని గొలుసులా తవాఫ్‌కు దిగితే వెనకవాళ్లకు అడ్డం, జనం తోస్తే గొలుసు తెగి అందరూ చెదురుతారు. ముగ్గురు నలుగురి జట్లు కట్టుకోండి, ప్రతి జట్టులో ఫోనున్న ఒక మగమనిషి, ఒక పెద్దావిడ ఉండేలా. కలిసే చోటు గేటు నంబరుతో అనుకోవాలి. కింగ్ అబ్దుల్ అజీజ్ గేటు నంబరు 1, కింగ్ ఫహద్ గేటు 79. "క్లాక్ టవర్ కింద" అంటే ఎవరూ దొరకరు, అది నాలుగు దిక్కులా కనపడుతుంది. హజ్రె అస్వద్‌కు (కాబా మూలన ఉన్న నల్లరాయికి) ఎదురుగా గోడ మీద ఉండే పచ్చ లైటు దగ్గర మొదలుపెట్టి మళ్లీ అక్కడికి వస్తే ఒక చుట్టు, అలా ఏడు. రాయిని ముద్దాడాలని తోపులాటకు పోవద్దు, దూరం నుంచి చేయి చూపితే చాలు. మగవాళ్లు తవాఫ్‌లో కుడి భుజం తెరిచి ఉంచాలి, తర్వాత రెండు రకాత్‌ల నమాజుకు కప్పుకోవాలి. కప్పడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ. సయీలో (సఫా, మర్వా గుట్టల మధ్య నడకలో) సఫా నుంచి మర్వా ఒకటి, మర్వా నుంచి సఫా రెండు. ఏడోది మర్వా దగ్గర ముగుస్తుంది. పోయి రావడం కలిపి ఒకటనుకుని పద్నాలుగు తిరిగేవాళ్లుంటారు. ఏడు విడతలూ కలిపి మూడు కిలోమీటర్లు దాటుతుంది. పెద్దవాళ్లతో మొత్తం ఉమ్రాకు మూడు నాలుగు గంటలు పెట్టుకోండి. మగ్రిబ్‌కు (పొద్దుగూకే వేళ నమాజుకు) ఇషాకు మధ్య దిగకండి, ఇషా అయ్యాక రాత్రి పొద్దుపోయి మొదలుపెట్టడం మేలు.

చక్రాల కుర్చీ ప్యాకేజీలో ఉండదు. కుర్చీలు హరమ్‌లో ఉచితంగా దొరుకుతాయి, తోసే మనుషులకు డబ్బు వేరే. కుర్చీని కింద మతాఫ్‌లోకి పోనివ్వరు, పై అంతస్తులో తిరగాలి, అక్కడ ఒక్కో చుట్టు చాలా పొడవు. దాదీని తోసే మనవడు మిగతావాళ్లతో కలవలేడని ముందే అనుకోవాలి. మడతపెట్టే తేలిక కుర్చీ ఇక్కడి నుంచే తీసుకుపోతే హోటల్ దారికి కూడా పనికొస్తుంది, విమానంలో దానికి డబ్బు తీసుకోరు.

జియారత్‌లు ఫరవాలేదు. మక్కాలో బస్సు జబలె నూర్ కొండ కింద ఆపుతుంది, ఎక్కించదు. మదీనాలో ఖుబా మసీదుకు పోయే రోజు హోటల్లోనే వజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేసుకుని బయలుదేరండి. మస్జిదె నబవీలోని రియాజుల్ జన్నాలో నమాజుకు సౌదీ ప్రభుత్వ నుసుక్ యాప్‌లో అనుమతి ఉండాలి, మామూలుగా మనిషికి 365 రోజుల్లో ఒక్కసారే. ఆడవాళ్లకు, మగవాళ్లకు సమయాలు వేరు. "మేం చేయిస్తాం" అని ఏజెంటు అంటే ఏ తేదీకని అడగండి. చెప్పలేకపోతే ఎవరి ఫోన్లో వాళ్లు యాప్ వేసుకోవడమే. జమ్‌జమ్ నీళ్ల ఐదు లీటర్ల డబ్బా జెడ్డా ఎయిర్‌పోర్టులో సీలు వేసిన పెట్టెలో తీసుకోవాలి. సూట్‌కేసులో బాటిళ్లు కుక్కితే తీయించేస్తారు.

డెబ్భై దాటినవాళ్లు ఇద్దరుంటే పదిహేను రోజుల ఎకానమీ వద్దు. పది రోజులకు తగ్గించుకుని, మిగిలిన డబ్బు దగ్గరి హోటల్ మీద పెట్టండి. ఎండాకాలం సెలవులు కూడా వద్దు, మక్కాలో 45 డిగ్రీలకు పోతుంది. పైగా హజ్‌కు ముందు ఉమ్రా వీసాలు ఆపేస్తారు. డబ్బు కట్టేటప్పుడు ఆఖరుగా చూడాల్సింది రద్దు షరతు. గ్రూపు టికెట్టు కాబట్టి ఒక్కరి తేదీ మార్చడం కుదరదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేక ఆగిపోతే ఎంత తిరిగి ఇస్తారో, ఆ మనిషి మంచం డబ్బు మిగతావాళ్ల మీద వేస్తారో లేదో రసీదు వెనకైనా రాయించి సంతకం తీసుకోండి.